కవాటం కరుడుగట్టినప్పుడు

భాషాసాహిత్యాలను బోధించేవారికి శరీరశాస్త్రంతో ఏమి పని అని మా విద్యార్థులు ఆశ్చర్యపడవచ్చు. అయితే తెలుగు నుడికారాన్ని శ్రద్ధగా పరిశీలించిన వారికి ఈ సంబంధం కొత్తది కాదు. గుండె దిటవు, గుండె కోత, గుండె చెరువు కావడం, గుండెలు తీసిన బంటు - ఇలా మన పెద్దలు మానవుని సుఖదుఃఖాలన్నింటినీ పిడికెడంత అవయవం చుట్టూ అల్లిపెట్టారు. ఆప్తులను పోగొట్టుకున్న వారిని పరామర్శించేటప్పుడు “గుండె రాయి చేసుకోండి” అంటాము. ఉర్దూలో కనికరం లేనివానిని “సంగ్‌దిల్” అంటారు. సంగ్ అంటే రాయి, దిల్ అంటే గుండె. రెండు భాషల్లోనూ ఇది అలంకారమే. కాని అలంకారం గాక, అక్షరాలా మనిషి గుండెలో రాయివంటి గట్టి పదార్థం పేరుకొనే వ్యాధి ఒకటి ఉన్నది. అది తరచుగా మనిషిని ఒక్కసారిగా పడగొట్టదు. అతనిచేత ఒక్కొక్క పనినే మాన్పిస్తూ, ఇదంతా వయసువల్ల వచ్చిన మార్పేనని అతనినే నమ్మిస్తుంది. మేము వైద్యులము కాము. అయినా మా కుటుంబంలో ఒక పెద్దదిక్కును ఈ వ్యాధి పరీక్షించినందున, ఆ సందర్భంలో చదివి, విని, చూసి తెలుసుకొన్న విషయాలను విద్యార్థుల ముందుంచడం మా కర్తవ్యమని భావించాము.

కవాటం అన్న సంస్కృత పదానికి తలుపు అని అర్థం. మన పాఠ్యపుస్తకాలు ‘వాల్వు’ అన్న మాటకు ఈ పదాన్నే ఎన్నుకొన్నవి. ఇంతకన్న తగిన పదం దొరకదు. గుండెకు నాలుగు గదులు, నాలుగు ముఖ్య కవాటాలు. ఊపిరితిత్తుల్లో శుద్ధిపొందిన రక్తం ఎడమ జఠరికకు చేరి, అక్కడినుంచి బృహద్ధమని అనే పెద్ద రక్తనాళంలోనికి వెళుతుంది. ఆ గుమ్మం దగ్గర కావలి ఉండేదే బృహద్ధమని కవాటం. దీనికి అర్ధచంద్రాకారంలో మూడు రెక్కలు ఉంటాయి. ఒక్కొక్క రెక్క మందం ఒక మిల్లీమీటరుకన్న తక్కువ. గుండె ముడుచుకొన్నప్పుడు ఈ రెక్కలు తెరచుకొని రక్తానికి దారి ఇస్తాయి. వదులైనప్పుడు మూసుకొని, వెళ్ళిన రక్తం వెనుకకు రాకుండా అడ్డుకొంటాయి. నిమిషానికి 72 సార్లు గుండె కొట్టుకొంటే ఈ తలుపు రోజుకు 1,03,680 సార్లు తెరచుకొని మూసుకొంటుంది. సంవత్సరానికి అది 3 కోట్ల 78 లక్షలు దాటుతుంది. డెబ్బది ఏండ్లు జీవించిన మనిషిలో 264 కోట్ల పైచిలుకు. మన ఇంటి వాకిలికి వడ్రంగి బిగించిన టేకు తలుపు సంవత్సరానికి కొన్ని వేలసార్లు తెరచి మూస్తేనే మడతబందులు కిరకిరలాడతాయి. అటువంటిది, కాగితంవంటి ఈ మూడు రెక్కలు ఒక జీవితకాలమంతా చప్పుడు లేకుండా పనిచేయడం సృష్టి విచిత్రాలలో ఒకటి.

పెద్దవారిలో ఈ ద్వారం పూర్తిగా తెరచుకొన్నప్పుడు దాని వైశాల్యం 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లు. వయసు పైబడిన కొందరిలో ఈ రెక్కలు మొదట మందమవుతాయి. 65 ఏండ్లు దాటినవారిలో సుమారు నలుగురిలో ఒకరికి ఈ మందం కనిపిస్తున్నదని పాశ్చాత్య దేశాల పరిశీలనలు తెలుపుతున్నాయి. ఈ దశలో రక్తప్రవాహానికి అడ్డంకి ఉండదు. చాలామందిలో అది అంతటితోనే ఆగిపోవచ్చు. కాని కొందరిలో కాల్షియం క్రమంగా పేరుకొని, రెక్కలు కరుడుగట్టి, వంగే గుణాన్ని కోల్పోతాయి. ద్వారం ఒక చదరపు సెంటీమీటరుకో, అంతకన్న తక్కువకో కుంచించుకొనిపోతే వైద్యులు దానిని తీవ్రదశగా పరిగణిస్తారు. తలుపు ఇరుకైనకొద్దీ ఎడమ జఠరిక మరింత బలంగా తోయవలసివస్తుంది. తోసి తోసి దాని గోడలు దళసరి అవుతాయి. ఏండ్ల తరబడి అది ఆ భారాన్ని ఎవరికీ తెలియకుండా మోస్తుంది. ఇక మోయలేనప్పుడు మూడు లక్షణాలు బయటపడతాయి: శ్రమ చేసినప్పుడు ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్ళు తిరిగి సొమ్మసిల్లడం. ఈ లక్షణాలు మొదలైన పిమ్మట కవాటాన్ని మార్చకపోతే రోగి సగటున రెండు నుంచి అయిదు సంవత్సరాలకు మించి జీవించడం అరుదని 1968లో రాస్, బ్రాన్‌వాల్డ్ అనే అమెరికన్ వైద్యులు ప్రకటించారు. నొప్పి మొదలైనవారికన్న సొమ్మసిల్లినవారికి, వారికన్న ఆయాసం ముదిరినవారికి గడువు తక్కువ. అందుచేత ఈ వ్యాధిలో మొదటి లక్షణాన్ని గుర్తించడమే ప్రాణం నిలిపే మెట్టు.

మన ప్రాంతంలో గుండె జబ్బు అనగానే గుండెపోటు అని గాని, గుండెకు రంధ్రం అని గాని అనుకోవడం పరిపాటి. గుండెపోటు అనేది గుండె కండరానికి రక్తాన్ని అందించే సన్నని నాళాలు పూడుకొనిపోవడంవల్ల వస్తుంది. రంధ్రం అనేది ఎక్కువగా పుట్టుకతో గదుల నడుమ గోడలో ఉండే లోపం. మనము చెప్పుకొంటున్నది ఈ రెండూ కాదు. ఇక్కడ గోడ బాగానే ఉన్నది, చెడినది తలుపు.

ఈ తలుపు ఎందుకు కరుడుగడుతుంది? దీనికి ముఖ్యంగా మూడు దారులు ఉన్నాయి. మొదటిది వయసుతో వచ్చేది. పూర్వం దీనిని కేవలం అరుగుదల అనుకొనేవారు. గత ముప్పది ఏండ్ల పరిశోధనలలో, ఎముక ఏర్పడే తీరును పోలిన చర్య ఒకటి ఈ రెక్కలలో జరుగుతున్నదని వెల్లడైనది. పొగ తాగడం, రక్తపోటు, మధుమేహం, రక్తంలో కొవ్వు, మూత్రపిండాల వ్యాధి దీనికి తోడ్పడతాయి. తాంబూలంలో సున్నంవల్ల వస్తుందా అని ఒక విద్యార్థి మమ్ము అడిగినాడు. కాదు; పాలు, పెరుగు మానినంత మాత్రాన ఇది ఆగదు. తప్పు తిండిలోని సున్నానిది కాదు, దానిని తేకూడని చోటికి తెచ్చిపెట్టే శరీరపు అలవాటుది.

రెండవది పుట్టుకతో వచ్చేది. నూటికి ఒకరిద్దరు మూడు రెక్కలకు బదులు రెండు రెక్కల కవాటంతో పుడతారు. వారిలో ఈ కరుడు ఇరవై ముప్పది ఏండ్లు ముందుగానే రావచ్చు. కండల వీరుడుగా లోకప్రసిద్ధుడైన ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ ఇటువంటి కవాటంతో పుట్టినవాడే. 1997లో ఆయనకు బృహద్ధమని కవాటాన్ని మార్చారు; 2020లో మళ్ళీ మార్చవలసివచ్చింది. భుజాల బలాన్ని చూసి గుండె తలుపు సంగతి చెప్పలేమనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

మూడవది మన దేశంలో నేటికీ పూర్తిగా తొలగనిది: కీళ్ళవాత జ్వరం. అయిదు నుంచి పదిహేను ఏండ్లలోపు పిల్లలకు స్ట్రెప్టోకోకస్ అనే సూక్ష్మజీవివల్ల గొంతు నొప్పి వచ్చి, దానికి చికిత్స జరగకపోతే, కొన్ని వారాల తరువాత జ్వరంతోపాటు కీళ్ళ వాపులు వచ్చి పోతాయి. కీళ్ళు మామూలు స్థితికి వస్తాయి; కాని గుండె కవాటాలపై మచ్చ మిగిలిపోతుంది. రెక్కల అంచులు ఒకదానికొకటి అతుక్కొంటాయి. గొంతు నొప్పికి సకాలంలో ఇచ్చిన పెన్సిలిన్ ఈ కథ మొత్తాన్ని మొదటి పుటలోనే ఆపగలదు.

ఇక మా ఇంటి సంగతి. మా మేనమామ, మేము మామూజాన్ అని పిలిచే పెద్దమనిషి, మెట్‌పల్లిలో యాభై ఏండ్లు దర్జీపని చేశారు. మెట్‌పల్లి ఖాదీతో ఆయన కుట్టిన లాల్చీలు, పైజామాలు మా ఊరి పెద్దలెందరో తొడిగినారు. ఆయనకు డెబ్బది రెండేండ్లు. చేతిలో కత్తెర వణకదు; సూదిలో దారం అద్దాలు లేకుండా ఎక్కించేవారు. సుమారు రెండున్నర సంవత్సరాల కాలంలో ఆయన జీవితంలో కొన్ని చిన్న మార్పులు వచ్చినవి. మొదట, కాలితో తొక్కే కుట్టు మిషనుకు మోటారు పెట్టించారు. పని త్వరగా సాగుతుందన్నారు. తరువాత సైకిలును మనుమనికి ఇచ్చివేశారు. పిల్లవానికి కాలేజీకి పనికివస్తుందన్నారు. పడకను మేడమీదినుంచి కిందిగదికి దింపించారు. మేడమీద ఉక్క అన్నారు. శుక్రవారం దూరపు మసీదుకు బదులు వీధి చివరి మసీదుకు వెళ్ళసాగారు. ఇక్కడి ఇమాము సాహెబు కంఠం శ్రావ్యంగా ఉంటుందన్నారు. ఆ పైన కుర్చీలో కూర్చుండి నమాజు చదవసాగారు, మోకాళ్ళు అన్నారు. ఒక్కొక్క మార్పుకు ఒక్కొక్క కారణం, ప్రతి కారణమూ నమ్మదగినదే. పైగా అవన్నీ ఒక మంచి మనిషి చెప్పదగిన కారణాలు.

ఒకనాడు బంధువుల ఇంట మెట్లెక్కుతూ ఆయన క్షణకాలం సొమ్మసిల్లారు. వెంటనే తేరుకొని, ఎండదెబ్బ అన్నారు. అంతకుముందు ఒక వైద్యుడు ఆయన దగ్గును, ఎగపోతను ఉబ్బసమని భావించి కొన్ని నెలలు పీల్చే మందు వాడించారు. ఈసారి పిల్లలు ఆయనను పట్టణంలోని ఒక గుండె వైద్యుని వద్దకు తీసుకొనివెళ్ళారు. మేమూ వెంట ఉన్నాము. అక్కడ జరిగిన సంభాషణ ఉర్దూలో సాగినది. దాని సారాంశాన్ని తెలుగులో ఇస్తున్నాము.

“ఆయాసం వస్తుందా?” అని వైద్యుడు అడిగారు.

“లేదు డాక్టరు సాబ్.”

“ఛాతీలో నొప్పి?”

“లేదు.”

వైద్యుడు కలం కింద పెట్టారు. “సరే, రెండేండ్ల కింద చేసిన పనులలో ఇప్పుడు చేయనివి ఏమిటో చెప్పండి.”

మామూజాన్ కొంతసేపు మాట్లాడలేదు. తరువాత వేళ్ళు ముడుస్తూ ఒక్కొక్కటే చెప్పారు: మిషను తొక్కడం, సైకిలు, మేడమెట్లు, దూరపు మసీదు, సజ్దా. అయిదు వేళ్ళూ ముడుచుకొన్నవి. ఆయన తన పిడికిలిని తానే ఆశ్చర్యంతో చూసుకొన్నారు. ఆయనకు ఆయాసం రాలేదన్న మాట నిజమే; ఎందుకంటే ఆయాసం వచ్చే పని ఒక్కటీ ఆయన మిగుల్చుకోలేదు.

అప్పుడు వైద్యుడు స్టెతస్కోపును రొమ్ము కుడివైపు పైభాగాన ఉంచి విన్నారు. తరువాత మెడమీద ఉంచి విన్నారు. ఇరుకు సందులోనుంచి గాలి తోసుకొనివచ్చినట్టు గరుకైన శబ్దం ఒకటి గుండెనుంచి మెడ దాకా పాకుతున్నదని చెప్పారు. 1816లో ఫ్రెంచి వైద్యుడు లెన్నెక్ కనిపెట్టిన ఆ చిన్న గొట్టానికి నేటికీ ఇంత శక్తి ఉన్నది. తరువాత ఎకో పరీక్ష చేశారు. శబ్దతరంగాలతో కవాటం కదలికను తెరమీద చూపే ఈ పరీక్షకు సూది అక్కరలేదు, కోత అక్కరలేదు. ద్వారం నుంచి రక్తం దూకే వేగాన్ని ఇది కొలుస్తుంది. ఆరోగ్యవంతునిలో ఆ వేగం సెకనుకు ఒకటి, ఒకటిన్నర మీటర్లు ఉంటే, తీవ్రదశలో నాలుగు మీటర్లు దాటుతుంది. కాలువ ఇరుకైన చోట నీరు ఉరకలెత్తినట్లే ఇదీ. మామూజాన్ వృత్తి తెలుసుకొన్న వైద్యుడు ఆయనకు ఇలా వివరించారు: “రూపాయి బిళ్ళంత ఉండవలసిన తలుపు చొక్కా గుండీ అంత అయింది.” యాభై ఏండ్లు గుండీలు కుట్టిన మనిషికి ఇంకే వివరణా అవసరం కాలేదు.

ఈ సందర్భంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఒక విషయాన్ని చెప్పక తప్పదు. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలలో వేలాది గృహాలు బీడీలు చుట్టే స్త్రీల శ్రమపై నిలిచి ఉన్నాయి. ఒడిలో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి, ఉదయంనుంచి దీపాలవేళ వరకు ఒకేచోట కూర్చుండే పని అది. కూర్చున్న మనిషికి ఆయాసం రాదు. కాబట్టి వ్యాధి ఉన్నా అది బయటపడే అవకాశం తక్కువ. మా మామూజాన్ ఇంటి ప్రక్కన ఒక తల్లి ఉండేది. మొదట నల్లా వద్దకు బిందెతో వెళ్ళడం మానినది. తరువాత చుట్టిన బీడీలను కార్ఖానాకు అప్పగించే పనిని కూతురికి ఇచ్చినది. ఆ తరువాత పెండ్లిళ్ళకు, పేరంటాలకు వెళ్ళడం మానినది. బీడీలు చుట్టడం మాత్రం మానలేదు. ఒక తెల్లవారుజామున ఆమె నిద్రలేవలేదు. ఆమెకు ఉన్న వ్యాధి ఇదేనని మేము అనడం లేదు; అనే వీలు లేదు. ఎందుకంటే ఆమె రొమ్ముపై స్టెతస్కోపు పెట్టి విన్నవారు ఎవరూ లేరు. మా బాధ అదే.

కరుడుగట్టిన కవాటాన్ని మెత్తబరచే మందు ఇంతవరకు లేదు. కొవ్వును తగ్గించే స్టాటిన్ మాత్రలు దీనిని ఆపగలవేమోనన్న ఆశతో జరిపిన మూడు పరీక్షల ఫలితాలు 2005, 2008, 2010 సంవత్సరాలలో వెలువడ్డాయి; కవాటం విషయంలో మూడింటిలోనూ నిరాశే మిగిలింది. ఉన్న మార్గం ఒక్కటే: తలుపును మార్చడం. ఈ విద్య వెనుక సుదీర్ఘమైన మానవ ప్రయత్నం ఉన్నది. కుడి గుండెనుంచి రక్తం ఊపిరితిత్తుల మీదుగానే ఎడమ గుండెకు చేరుతుందని 13వ శతాబ్దంలో, డమాస్కసులో చదివి కైరోలో వైద్యం చేసిన ఇబ్న్ అల్ నఫీస్ వ్రాశారు. రక్తప్రసరణను సంపూర్ణంగా వివరించిన విలియం హార్వే గ్రంథం 1628లో వెలువడింది. 1952లో అమెరికాలో చార్లెస్ హఫ్‌నాగెల్ పంజరంలో బంతి ఉన్న కృత్రిమ కవాటాన్ని ఛాతీలోని దిగువ ధమనిలో అమర్చారు. 1960లో డ్వైట్ హార్కెన్ దానిని అసలు స్థానంలోనే అమర్చగలిగారు. మన దేశంలో డాక్టర్ వలియత్తాన్ నాయకత్వాన తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ స్వదేశీ కవాటాన్ని తయారుచేసింది. 1990 డిసెంబరులో అది తొలిసారి ఒక రోగికి అమర్చబడినది. విదేశాలనుంచి కొనవలసిన వస్తువు స్వదేశంలో తయారుకావడంవల్ల ఎందరో సామాన్యులకు ఈ చికిత్స అందుబాటులోకి వచ్చింది. 2002 ఏప్రిల్ 16న ఫ్రాన్సులోని రువాన్ నగరంలో అలెన్ క్రిబియే రొమ్ము కోయకుండా, తొడవద్ద రక్తనాళం గుండా కవాటాన్ని పంపి అమర్చారు. శస్త్రచికిత్సకు తట్టుకోలేని వృద్ధులకు ఇది వరమైనది. మన హైదరాబాదులోనూ ఈ పద్ధతి ఉన్నది గాని, ఖర్చు అనేక లక్షలు.

మామూజాన్‌కు శస్త్రచికిత్స చేయాలని వైద్యులు నిర్ణయించారు. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. “ఈ వయసులో రొమ్ము కోయించుకోవాలా బేటా? కొడుకు గల్ఫులో వీసా అప్పే ఇంకా తీర్చలేదు. వాడు ఎడారిలో చెమటోడ్చినది ఈ ముసలి గుండెకు పెట్టాలా?” అన్నారు. మన ఇండ్లలో ఈ మాట విననివారు ఉండరు. పెద్దలు తమ రోగాన్ని ఇంటి అప్పుల పట్టికలో చివరి పద్దుగా వ్రాసుకొంటారు. ఆయనకు సమాధానం చెప్పినది వైద్యులు కాదు, మేము కాదు; నలభై ఎనిమిదేండ్లు ఆయనతో కాపురం చేసిన మా ముమానీజాన్. “మిషను మానినారు, మెట్లు మానినారు, మసీదు మార్చినారు. ఇక మానడానికి మీకు మిగిలినది ఏమిటో చెప్పండి” అన్నదామె. ఆ ప్రశ్నకు ఆయన వద్ద కారణం లేకపోయినది.

శస్త్రచికిత్సకు ముందు మరొక సందేహం వచ్చింది. కృత్రిమ కవాటాలు రెండు రకాలు. లోహంతో, కార్బనుతో చేసినవి చాలాకాలం మన్నుతాయి. కాని వాటిపై రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం వార్ఫరిన్ మాత్ర వేసుకోవాలి, క్రమం తప్పక రక్తపరీక్ష చేయించుకోవాలి. జంతు కణజాలంతో చేసినవాటికి ఆ బాధ తక్కువ; కాని సాధారణంగా పది పదిహేను ఏండ్లకు అవి పాడవుతాయి. అందుచేత వయసు మళ్ళినవారికి కణజాలపు కవాటాన్ని, చిన్నవారికి లోహపు కవాటాన్ని సూచించడం వాడుక. ఆ జంతువు ఏదని మామూజాన్ అడిగారు. కొన్నింటిని పందినుంచి, కొన్నింటిని ఆవు లేక ఎద్దు గుండెచుట్టూ ఉండే పొరనుంచి చేస్తారని వైద్యులు దాచకుండా చెప్పారు. ప్రాణం మీదికి వచ్చి, మరో మార్గం లేనప్పుడు నిషేధం సడలుతుందన్నది ధర్మశాస్త్రం తెలిసినవారి మాట. ఆయన విషయంలో అంతదూరం పోవలసిన పని లేకపోయినది. రెండవ రకమే సరిపోయింది. ప్రక్క మంచంమీద సిరిసిల్ల మరమగ్గాల కార్మికుడొకరు ఉన్నారు. చిన్ననాటి కీళ్ళవాత జ్వరం ఆయన కవాటాన్ని చెరిపింది. ఆయన ఆవు సంగతి విని చేతులు జోడించారు. ఆయన వయసుకు తగినది లోహపు కవాటమేనని వైద్యులు చెప్పగా తేలికగా ఊపిరి తీసుకొన్నారు. ఒకే గదిలో ఇద్దరు పెద్దలు, ఒకరు ఒక జంతువు గురించి, మరొకరు మరొక జంతువు గురించి చింతించి, చివరకు ఒకరినొకరు చూసుకొని నవ్వుకొన్నారు. బట్ట నేసేవారొకరు, కుట్టేవారొకరు గనుక వారికి మాటలు కరువు కాలేదు.

ఇద్దరి శస్త్రచికిత్సలూ ఆరోగ్యశ్రీ పథకం కిందనే జరిగినవి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఈ పథకంలో కవాట మార్పిడి చేరి ఉన్నది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న దీని పరిమితిని పది లక్షల రూపాయలకు పెంచారు. ఇది తెలియక పొలాన్ని అమ్ముకొన్నవారూ, ఖర్చుకు భయపడి పరీక్షకే వెళ్ళనివారూ మన మధ్య ఉన్నారు. 2022 నవంబరులో జగిత్యాలలోను, 2023 సెప్టెంబరులో సిరిసిల్లలోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. ఒకప్పుడు పెద్ద వైద్యమంటే హైదరాబాదు బస్సు ఎక్కడమే శరణ్యమైన ప్రాంతానికి ఇది చిన్న మార్పు కాదు. కాని ఆసుపత్రి ఎంత దగ్గరికి వచ్చినా, రోగిని గుమ్మం దాటించవలసినది ఇంటివారే.

మామూజాన్ మూడు వారాలు హైదరాబాదులో ఉండి తిరిగివచ్చారు. రొమ్ము ఎముక అతుక్కొనే వరకు బరువు ఎత్తవద్దన్నారు. మూడు నెలలు ఆయన ఆ మాట పాటించారు. ఆ పిమ్మట మోటారును తీయించి మిషనును తిరిగి కాలితో తొక్కసాగారు. దూరపు మసీదుకు మాత్రం మళ్ళీ వెళ్ళలేదు. వీధి చివరి ఇమాము సాహెబు కంఠం నిజంగానే శ్రావ్యంగా ఉంటుందట. అంటే, ఆయన చెప్పిన అయిదు కారణాలలో ఒకటి నిజమైనదే! వార్ధక్యానికి, వ్యాధికి నడుమ గీత ఎక్కడున్నదో బయటినుంచి చూసేవారికి తెలియదు. ఒక్కొక్కసారి ఆ మనిషికే తెలియదు. అడిగి, పరీక్షించి తెలుసుకోవలసిందే.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో చాలామంది తల్లిదండ్రులు ఎడారి దేశాలలోనో, మగ్గాల వద్దనో, బీడీల చాట ముందో ఉన్నారు. ఇంట పెద్దల బాగోగులు చూసే భారం మీ లేత భుజాలమీదనే ఉన్నది. మీరు వైద్యం చేయనవసరం లేదు. ఈ సెలవులలో ఇంటికి వెళ్ళినప్పుడు తాతగారితో, నానమ్మతో, దాదాతో, నానీతో కలిసి ఒక ఫర్లాంగు దూరం నడవండి. మీతో సమంగా నడిచే మనిషి మధ్యలో ఆగి, చెట్టునో, గోడనో, దారినపోయే మేకనో చూసే మిషతో నిలబడితే గమనించండి. “ఒంట్లో ఎట్లా ఉన్నది?” అని అడిగితే బాగానే ఉన్నదంటారు, మన పెద్దలకు అది మర్యాద. దానికి బదులు “నిరుడు చేసి, ఈ యేడు మానినది ఏమిటి?” అని అడగండి. సమాధానం వచ్చిన తరువాత, దగ్గరలోని వైద్యుని వద్దకు తీసుకొనివెళ్ళి, గుండెను ఒకసారి వినమని వినయంగా కోరండి. మీ తమ్మునికో, చెల్లెలికో గొంతు నొప్పితో జ్వరం వస్తే దానిని చిన్నదనుకోక వైద్యునికి చూపండి. కీళ్ళవాత జ్వరం అని తేలితే, మూడు నాలుగు వారాలకొకసారి ఇచ్చే పెన్సిలిన్ సూదిమందును ఒక్కసారి కూడ తప్పనివ్వకండి. బీడీ చుట్టే ఇంట బీడీ తాగవద్దని చెప్పడం కష్టమే, అయినా చెప్పండి.

పరీక్షలలో మేము మిమ్ము వంద ప్రశ్నలు అడుగుతాము. వాటిలో కొన్నింటిని మీరు మరచిపోయినా లోకానికి నష్టం లేదు. ఈ ఒక్క ప్రశ్నను మాత్రం మీ ఇంటి పెద్దలను అడిగి, వారి వేళ్ళు ముడుచుకొనడం పూర్తయ్యే వరకు ఓపికగా వినండి.